దీపాలు పెట్టే వేళ తాత అడిగిన మాట

మా ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి ఒక ప్యాకింగ్ మెషిన్ వచ్చింది. దాన్ని బిగించడానికి దాంతో పాటు ఒక ముసలాయన వచ్చాడు. మధ్యాహ్నం ఆయన్ని ఆంగ్ మో కియోలో మా షెడ్డు వెనకున్న, చవక తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళి, చికెన్ రైస్ ముందు కూర్చోబెట్టి, చిన్నప్పటి నుంచి నాలో ఉండిపోయిన ఒక మాటను ఆయన ముందు పలికాను. అర్థం తెలియని మాట అది. పిల్లలు శ్లోకం బట్టీ పట్టినట్టు, రోజూ విని విని పట్టుబడిపోయింది. ఇటలీ మనుషులు ఎక్కడ తగిలినా అడగడం నాకలవాటు. ఎవరూ ఏమీ చెప్పలేకపోయేవారు. ఆ అలవాటు కొద్దీ అడిగానే గాని, నాకేం ఆశ లేదు.

ఆయన చెంచా కింద పెట్టేశాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"ఇది నీకెవరు నేర్పారు?" అన్నాడు ఇంగ్లీషులో.

మా తాత అన్నాను. మా తాత మీ దేశం వాడేనని, ఓడలో వంటవాడిగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నా నల్లటి మొహంలో ఇటలీ ఎక్కడుందో అందరూ అలాగే వెతుకుతారు, నాకు విసుగు.

"ఇది ఇటాలియన్ కాదు," అన్నాడాయన. దేశం దక్షిణపు కొసన కొన్ని పల్లెటూళ్ళలో ఇళ్ళల్లో ఏదో పాతకాలపు గ్రీకు మాట్లాడుకుంటారట. వాళ్ళమ్మమ్మ అలాగే మాట్లాడేదట. అది విని ఎన్నో ఏళ్ళయిందన్నాడు. తర్వాత అర్థం చెప్పాడు.

"చీకటి పడుతోందమ్మా. మా అమ్మ నా కోసం చూస్తుంటుంది. దయచేసి నన్ను ఇంటికి పంపించండి."

ఆ తర్వాత ఆయన మెషిన్ గురించి ఏమేం చెప్పాడో నాకు గుర్తు లేదు. నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. మా అమ్మమ్మ ఇంకా ఉంది. తొంభై దాటింది. చోవా చూ కాంగ్‌లో నా ఫ్లాట్‌లోనే ఉంటుంది. చెవులు కాస్త మందగించాయి గాని మిగతావన్నీ బాగానే పనిచేస్తాయి. నెలలో ఒక్కసారైనా, ఏ పప్పులో ఉప్పు ఎక్కువైందో చెబుతున్నట్టుగా మామూలుగా అడుగుతుంది.

"మీ తాత రోజూ ఏటడిగేవోడురా?"

తెలియదంటాను. ఇన్నేళ్ళుగా అదే జవాబు. ఇప్పుడు తెలిసింది. చెప్పాలో వద్దో మాత్రం తెలియడం లేదు.

మా తాత సంగతి చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. మా అమ్మాయి అయితే "డాడీ, యు ఆర్ మేకింగ్ ఇట్ అప్ లా" అంటుంది, ఇక్కడి అలవాటు ప్రకారం చివర లా తగిలించి. అదేం చోద్యమో, ఉన్నదున్నట్టు చెప్పినా కట్టుకథ అనే అంటారు. టోవా పాయోలో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో, మాసిన టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన, మా శ్రీకాకుళం వైపు తెలుగులో కూరగాయలవాడిని తిట్టేవాడంటే ఎవరు నమ్ముతారు?

ఓడలో జ్వరమొస్తే ఆయన్ని ఇక్కడ ఆసుపత్రిలో దింపి ఓడ వెళ్ళిపోయిందట. అమ్మమ్మ వాళ్ళు మలేసియాలో రబ్బరు తోట కూలీలు. తోటలో పని లేకపోతే పొట్ట చేత పట్టుకుని వంతెన దాటి ఈ దీవికి వచ్చి ఆ ఆసుపత్రి చాకిరేవులో చేరింది. దుప్పట్లు మార్చడానికి వెళ్ళేదట. ఆయనకి ఆసుపత్రి అన్నం సయించక మొహం తిప్పుకుని పడుకుంటే, తన డబ్బాలో ఉన్న చారన్నం పెట్టిందట. ఇంక ఆ మనిషి కదల్లేదు. జ్వరం తగ్గాక ఓడ మళ్ళీ వచ్చింది, ఓడ మళ్ళీ పోయింది, ఈయన పోలేదు. రెండు వైపుల వాళ్ళూ వీళ్ళని వెలేశారు. అందుకేనేమో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే బతికారు.

తెలుగంతా అమ్మమ్మ నోట్లోంచే నేర్చుకున్నాడు గనక, అమ్మమ్మ తనని ఎలా పిలిచేదో తానూ ఆమెను అలాగే పిలిచేవాడు. "ఇదుగో అయ్యా, కూకో, నాను వొండుతాను" అనేవాడు పెళ్ళాంతో. మా ఇంటికొచ్చిన తెలుగు ఆంటీలు పైట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

అమ్మ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేది, నాన్న మలేసియా వైపు లారీ తోలేవాడు. కాబట్టి నేను పెరిగింది తాత దగ్గరే. ఆదివారమైతే ఆయన గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, మెడకి టై కట్టుకుని పిండి పిసికేవాడు. వంటకి టై ఎందుకు తాతా అంటే, "మా అమ్మ సూస్తాది" అనేవాడు. పాస్తా కోసం పిండిని పొడుగ్గా తాళ్ళలా చేసి ఎండబెట్టాలి. మా ఇంట్లో చోటేది? ఇక్కడి ఫ్లాట్లలో బట్టలారేసుకోవడానికి వంటింటి కిటికీ బయటికి వెదురు కర్రలు పెడతారు కదా, తాత ఆ కర్రల మీద ఆరేసేవాడు. తొమ్మిదో అంతస్తు నుంచి గాలికి ఊగుతూ తెల్లటి పిండి దారాలు. పై అంతస్తు వాళ్ళు తడి బట్టలు ఆరేస్తే నీళ్ళన్నీ వాటి మీదే పడేవి. కింది అంతస్తు చైనా ఆంటీ అరిచేది.

"అంకుల్, యువర్ మీ ఆల్ వెట్ ఆల్రెడీ లా."

ఇక్కడ నూడుల్స్‌ని 'మీ' అంటారు. అమ్మమ్మ దాన్ని సేమ్యా అనేది. ఆ రెండు మాటలూ వింటే తాతకి ఒళ్ళు మండేది. ఒంటికాలి మీద లేచి ఇటాలియన్‌లో, మలయ్‌లో, తెలుగులో వరసగా తిట్టి, చివరికి ఆ ఆంటీకే ఒక గిన్నె నిండా పంపేవాడు. నేను ఎవరూ చూడకుండా కిటికీ లోంచి చెయ్యి చాపి పచ్చి దారాలు తెంపుకుని తినేవాణ్ణి. ఒకసారి కర్రే జారిపోయి ఆ వారం వంటంతా కింద పార్క్ చేసిన కారు మీద పడింది. తాత నన్ను కొట్టలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, చావింటికి వచ్చినవాడిలా కిందికి చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఇద్దరం నవ్వలేక చచ్చాం.

టమాటా గుజ్జు ఉడుకుతుంటే ఆ వాసన లిఫ్ట్ దగ్గరికే వచ్చేది. అందులో వెల్లుల్లి, తాత కారిడార్‌లో ఖాళీ మైలో పొడి డబ్బాల్లో పెంచిన ఏదో తులసి లాంటి ఆకు. తాత అటు తిరగ్గానే అమ్మమ్మ ఇంగువ పోపు పెట్టి అందులో పడేసేది. ఆయన రుచి చూసి అనుమానంగా ఆమె వైపు చూసేవాడు. ఆమె గోడ వైపు చూసేది. అలా మా ఇంటి వంట ఏ దేశానిదీ కాకుండా పోయింది. ఎన్ని హోటళ్ళలో తిన్నా నాకా రుచి దొరకలేదు. ఎంత ఏడ్చినా దొరకదు, నాకు తెలుసు.

రొట్టె ముక్క కింద పడితే తాత దాన్ని తీసి ముద్దు పెట్టుకునేవాడు. మెతుకు కింద పడితే అమ్మమ్మ తీసి కళ్ళకద్దుకునేది. ఆ ఒక్క విషయంలో వాళ్ళ మధ్య ఎప్పుడూ గొడవ లేదు.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు తాతలో ఏదో మార్పు మొదలైంది. మొదట ఇంగ్లీషు పోయింది. అది పోయిందని మాకు చాలా రోజులు తెలియలేదు, ఎందుకంటే ఇంగ్లీషు వాళ్ళంటే ఆయనకి మొదట్నించీ పడదు. మాట్లాడ్డం లేదంటే మంకుపట్టు అనుకున్నాం. తర్వాత మలయ్ పోయింది. ముప్పై ఏళ్ళుగా బేరమాడిన చేపలవాడి ముందు నిలబడి, నోట మాట రాక, వేలితో చూపించాడు. చేపలవాడు వేళాకోళం అనుకుని నవ్వాడు. తాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చేపలు తీసుకోకుండానే నన్ను ఇంటికి లాక్కొచ్చాడు. భయమేసింది.

ఒక పొద్దున అమ్మమ్మ ఇడ్లీ పెడుతూ, "ఇంకోటి యెయ్యనా?" అంది. తాత ఆమె మొహంలోకి చాలాసేపు చూసి ఏదో అన్నాడు. అది మాకు తెలిసిన ఏ భాషా కాదు.

అమ్మమ్మ నవ్వింది. ఆయన వేళాకోళాలు ఆమెకి అలవాటే. "సాల్లే అయ్యా, పిల్లోడి ముందు ఏటా యేషాలు," అంది. తాత మళ్ళీ అన్నాడు. ఇంకోసారి అన్నాడు. అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది. చేతిలో గరిటె అలాగే ఉంది. "నాతోటి తెలుగులో మాటాడు," అంది చిన్నగా. ఆ రోజు తర్వాత తాత నోట ఒక్క తెలుగు ముక్క వినలేదు మేము.

ముప్పై ఏళ్ళు ఒకే మంచం, ఒకే కంచం అన్నట్టు బతికిన మనిషి ఏం చెబుతున్నాడో పెళ్ళానికి తెలియకుండా పోవడం కంటే దారుణం ఇంకేముంటుంది? చావు నయం. చావైతే ఏడ్చి ఊరుకుంటాం.

సాయంత్రం అయ్యేసరికి ఇంకోటి మొదలయ్యేది. ఎదురు బ్లాకుల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నప్పుడు తాత లేచి, టోపీ పెట్టుకుని, బూట్లు వేసుకుని, ఇనప గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. అమ్మమ్మ రాగానే టోపీ తీసి, వంగి, ఎంతో మర్యాదగా ఆ మాట అనేవాడు. నేను ఫ్యాక్టరీ ముసలాయనకి చెప్పిన మాట అదే. ఒకసారి కాదు. అమ్మమ్మ ఏదో ఒకటి చేసేదాకా అంటూనే ఉండేవాడు. గొంతులో కోపం ఉండేది కాదు. బతిమాలడం ఉండేది.

"ఏటంటన్నాడే?" అని అమ్మమ్మ అమ్మని అడిగేది. అమ్మ ఆయన కూతురే గాని ఆమెకేం తెలుసు, ఆమెతోనూ ఆయన తెలుగే మాట్లాడాడు.

ఒకరోజు గేటు తీసి ఉంటే వెళ్ళిపోయాడు. బ్లాకంతా వెతికాం. చైనా ఆంటీ కొడుకు సైకిల్ మీద తిరిగి బస్సులన్నీ చేరే ఇంటర్‌చేంజ్‌లో పట్టుకున్నాడు. ఆగిన ప్రతి బస్సు డ్రైవర్ దగ్గరికీ వెళ్ళి, టోపీ తీసి, ఆ మాటే చెబుతున్నాడట. ఆ మర్నాటి నుంచి అమ్మమ్మ గేటుకి తాళం వేయడం మొదలుపెట్టింది. తాళంచెవి కొంగున ముడేసుకునేది.

చివరికి అమ్మ ఎవర్నో పట్టుకుని, ఒక పెద్ద హోటల్లో వంట చేసే ఇటలీ ఆయన్ని ఇంటికి తీసుకొచ్చింది. అమ్మమ్మ ఆ పూట ఇల్లంతా కడిగింది, తల దువ్వుకుంది, తాతకి టై కట్టింది. ఆయన బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చి తాత ఎదురుగా కూర్చున్నాడు. ఇటాలియన్‌లో పలకరించాడు. తాత ఆయన్ని చూసి తల ఊపాడు గాని మాట కలపలేదు. దీపాలు వెలిగే వేళకి మామూలుగా లేచి గేటు దగ్గరికి వెళ్ళి ఆ మాట అన్నాడు. వచ్చినాయన మళ్ళీ మళ్ళీ విన్నాడు. చెమట తుడుచుకున్నాడు.

"నాకు తెలియడం లేదు," అన్నాడు అమ్మతో ఇంగ్లీషులో. "మాది ఉత్తరం. ఇది మా భాష కాదు. ఏదో అడుగుతున్నాడు, అంతవరకు తెలుస్తోంది. చాలా మర్యాదగా అడుగుతున్నాడు."

అమ్మ తెలుగులో చెప్పింది. అమ్మమ్మ మొహం ఒక్కసారి వెలిగింది.

"అడుగుతన్నాడా? ఇంకేటడుగుతాడే, ఆకలే. సీకటి పడితే మడిసికి ఆకలెయ్యదేటి," అంది.

ఆలోచిస్తే, అమ్మమ్మ తప్ప ఇంకెవరూ అలా అనుకోరు. ఆమెకి తెలిసిన లోకంలో మనిషి మనిషిని అడిగేది అన్నమే. జ్వరమొచ్చినవాడికీ, అలిగినవాడికీ, చావు కబురు తెచ్చినవాడికీ ముందు అన్నం పెట్టాకే మాట. పైగా ఆయన్ని తను గెలుచుకున్నదే ఒక డబ్బా చారన్నంతో కదా. ఆ రోజు ఆ హోటలాయనకీ అన్నం పెట్టే పంపింది.

ఇంక అప్పట్నించి రోజూ అదే. తాత గేటు దగ్గర టోపీ తీసి ఆ మాట అనగానే, "పెడతన్నాను, పెడతన్నాను, కూకో అయ్యా," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టేది. పప్పన్నం కలిపి ముద్దలు చేసి చేతికిచ్చేది. తాత ఆ ముద్ద వైపు చూసేవాడు, గేటు వైపు చూసేవాడు, ఆమె వైపు చూసేవాడు. తర్వాత తినేవాడు. తిన్నాక మళ్ళీ అడిగితే మళ్ళీ పెట్టేది. పాలీక్లినిక్‌లో డాక్టర్ షుగర్ ఇంతలా పెరిగిందేమిటని కేకలేశాడు.

"అమ్మా, ఎనఫ్. చంపేస్తావా నాన్నని?" అని అమ్మ ఒకరోజు గట్టిగానే అంది.

"నోరు తెరిసి అడిగినోడికి పెట్టకపోతే అంతకన్నా పాపముంటాదా?" అంది అమ్మమ్మ. అమ్మ ఏడుస్తూ షిఫ్టుకి వెళ్ళిపోయింది.

నా మట్టుకు నాకు ఆ సాయంత్రాలంటే అసహ్యంగా ఉండేది. కింద పిల్లలు ఆడుకుంటుంటే నేను ఇంట్లో తాతకి కాపలా. వినీ వినీ ఆ మాట నాకు వచ్చేసింది. ఒకరోజు నేనూ దాన్ని ఆయనతో అన్నాను, ఊరికే. తాత ఉలిక్కిపడి నా వైపు చూశాడు. నా తల మీద చెయ్యి వేసి గబగబా ఏదేదో చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళకో ఊరివాడు కనపడినట్టు మాట్లాడాడు. బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. మెల్లగా ఆయన మాటలు ఆగిపోయాయి. ఇంటికి పంపమని ఒక పిల్లాడు తనతో అన్నాడనుకుని, నిన్ను తీసుకెళ్తానులే అని చెప్పాడేమో పాపం.

వానాకాలం చివర్లో, ఒక మధ్యాహ్నం కుర్చీలోనే పోయాడు. సాయంత్రం దాకా కూడా ఆగలేదు. అమ్మమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇమ్మని నన్ను పురమాయిస్తూ తిరిగింది. చోవా చూ కాంగ్ శ్మశానంలో పాతిపెట్టాం. ఈ ఊళ్ళో గోరీలు కూడా శాశ్వతం కాదు, చోటు చాలదు. కొన్నేళ్ళకి తవ్వి తీసి, బూడిద చేసి, గోడలో ఒక చిన్న అరలో పెట్టారు. ఆ మనిషికి ఎక్కడా ఇల్లు కుదరలేదు.

అర్థం తెలిసిన రోజున ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మకీ ఇప్పుడు డెబ్బై ఏళ్ళు. టీవీ కట్టేసి, "అమ్మమ్మకి చెప్పకురా. ఈ వయసులో వాట్ ఫర్?" అంది. మా అమ్మాయి మాత్రం, "షీ కీప్స్ ఆస్కింగ్ వాట్. జస్ట్ టెల్ హర్ లా," అంది. అది నాతో ఎప్పుడూ ఇంగ్లీషే. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో చెబుతుంది. రేపు నాకూ తాతలాగే ఒక్కొక్కటీ పోయి చివరికి అమ్మమ్మ తెలుగు ఒక్కటే మిగిలితే, నేను గేటు దగ్గర నిలబడి ఏమడుగుతున్నానో దానికేం తెలుస్తుంది? ఆ భయం నాకు పట్టుకుంది, దాచడమెందుకు.

కొన్నాళ్ళు నోరు మెదపలేదు. నిన్న సాయంత్రం అమ్మమ్మకి అన్నం కలిపి పెడుతుంటే ఆమే అడిగింది, మామూలుగానే.

"మీ తాత రోజూ ఏటడిగేవోడురా?"

ఇక ఆగలేక చెప్పేశాను. వినపడలేదంది. చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ చెప్పాను. చీకటి పడుతోందన్నాడని, వాళ్ళమ్మ చూస్తుంటుందన్నాడని, ఇంటికి పంపించమన్నాడని.

"ఇంటికా?" అంది.

"అవును."

"ఆకలి కాదా?"

"కాదమ్మమ్మా."

కంచంలోంచి చెయ్యి తీసేసింది.

"అయితే నానెవురో తెల్దా ఆయనికి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోటికి రాలేదు. "తెలిసినట్టు లేదు. కానీ అమ్మా అని పిలిచి అడిగేవాడట," అన్నాను.

"మరి పెడితే తిన్నాడేటిరా రోజూ?" అంది. ఆమే చెప్పుకుంది. "తల్లి సూస్తాదని గాబరా పడతన్నోడు... ఎవురో ఆడది కూకోమంటే కూకుని, పెట్టిందల్లా తిన్నాడు. నా మనసు కష్టపెట్టడం ఎందుకని తిన్నాడు గావాల."

తాత పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. శబ్దం లేదు, ఒళ్ళంతా కదిలిపోతోంది. నేను భుజం పట్టుకున్నాను. నడుం దగ్గర కొంగు కొసన ఏదో తడుముకుంటోంది. ఏం వెతుకుతోందో మొదట నాకర్థం కాలేదు.

"తాళమేసినానురా," అంది. "ఒక్క రోజు గేటు తీసి, సెయ్యి పట్టుకుని, నాలుగు ఈదులు తిప్పి, ఇదుగో అయ్యా ఇల్లొచ్చీసింది అని లోపలికి తీసుకొస్తే సరిపోను. నమ్మీవోడు. ఒక్క రోజు కూడా తియ్యలేదు నాను."

అమ్మ లోపలి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అమ్మమ్మ కంచం పక్కకి జరిపింది. ఎంత బతిమాలినా ఒక్క ముద్ద ముట్టలేదు. నాకు ఊహ తెలిశాక మా ఇంట్లో అమ్మమ్మ ఎదురుగా అన్నం వదిలేయడం ఎవరికీ చెల్లలేదు. నిన్న మాత్రం మేమెవరం తినలేదు, తినమని ఆమె కూడా అనలేదు.